లేని ఇంట్లో కుక్క

ఆ వేసవిలో ఊరంతా ఉడికిపోతుంటే మా అమ్మ ఒక్కతే స్వెట్టర్ వేసుకుని ఉద్యోగానికి వెళ్ళేది.

ఆమె పని నీళ్ళ ఆఫీసులో, పాత మిషన్లు ఉండే గదిలో. దాన్ని అందరూ చల్లగది అనేవాళ్ళు. మిషన్లు వేడెక్కకూడదని అక్కడ ఏసీ ఎంత పెట్టేవాళ్ళంటే, లోపల పది నిమిషాలు కూర్చున్న మనిషికి చిన్నప్పటి తప్పులన్నీ వరసగా గుర్తొచ్చేవి. ఎండలు ముదిరేసరికి ఆఫీసులో ప్రతివాళ్ళకీ ఆ గదిలో ఏదో ఒక అర్జంటు పని తగిలేది. అందుకని అమ్మ తలుపు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టింది. పేరు, ఎందుకొచ్చారు, ఎప్పుడు వెళ్ళారు. ఈ మూడూ నింపకుండా మేనేజర్ని కూడా లోపలికి రానిచ్చేది కాదు.

ఆ గదిని మూసెయ్యడానికే నన్ను పెట్టుకున్నారు.

నేను డేటా ఇంజినీర్ని. బయటి కంపెనీ తరఫున కాంట్రాక్టు మీద వచ్చాను. నీళ్ళ ఆఫీసు లెక్కలన్నీ పాత మిషన్లలోంచి తీసి క్లౌడ్‌లోకి చేర్చడం నా పని. క్లౌడ్ అంటే ఇంకెక్కడో ఇంకెవరికో ఉన్న ఇంకా పెద్ద చల్లగది. ఈ సంగతి బయటికి పొక్కితే మాకు ఉద్యోగాలుండవు కాబట్టి మేం ఎవరికీ చెప్పం.

నేను చేరిన రోజు పొద్దున్నే అమ్మ నన్ను వంటింట్లో నిలబెట్టి నియమాలు చెప్పింది. "ఆఫీసులో నేను నీకెవర్నీ కాను. నువ్వు నాకెవరివీ కావు. వేరే బస్సులో రా." ఎవరూ అడగలేదు, మేం చెప్పలేదు. నా సరదా అంతా రిజిస్టర్లోనే తీర్చుకునేదాన్ని. 'పేరు: కాంట్రాక్టు పిల్ల. ఎందుకు: మిషన్లకి ధైర్యం చెప్పడానికి.' అమ్మ ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, కింద 'వైర్లు చూడటానికి' అని రాసేది. మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. ఆ మొహం నాకు తెలుసు, నాదీ అదే.

అమ్మకి ఇంకా పదకొండు నెలల సర్వీసుంది. గది మూశాక ఆ పదకొండు నెలలూ ఏదో ఒక కౌంటర్లో కూర్చుని, చివర్లో ఒక గోడగడియారం పుచ్చుకుని ఇంటికి రావాలని ఆమె ఆలోచన. నాన్న గడియారాలు బాగుచేస్తాడు. అది ఏ కంపెనీదై ఉంటుందో అని అప్పటికే ఆందోళనలో ఉన్నాడు.

పని ఇలా ఉండేది. ఊళ్ళో పద్నాలుగు వార్డులు. వేసవిలో నీళ్ళు తక్కువ కాబట్టి నెలకి రెండుసార్లు మీటర్లు చదివేవాళ్ళు, రోజుకో వార్డు. రీడర్లు చేతి మిషన్లో కొట్టిన అంకెలు సాయంత్రానికల్లా పాత మిషన్లోకీ, నేను కట్టిన క్లౌడ్‌లోకీ రెండింటికీ వచ్చేవి. మర్నాడు ఉదయం ఆరున్నరకి పాత మిషన్ తన జాబితాని బిల్లులకి పంపేది. నేను రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. పద్నాలుగు వార్డులూ వరసగా ఒక్క తేడా లేకుండా కలిస్తే చల్లగదికి తాళం.

మొదటిరోజే కలవలేదు. ఒకటో వార్డులో కొన్ని ఇళ్ళ అంకెలు క్లౌడ్‌లో ఒకటి, పాత మిషన్లో ఒకటి. రెండో రోజూ అంతే, ఇళ్ళు మాత్రం వేరు. ముందు నా పైప్‌లైన్‌నే అనుమానించాను. అంకెల్ని అక్కణ్ణుంచి ఇక్కడికి మోసుకొచ్చే ప్రోగ్రాముని అలా అంటాం. దాన్ని ముక్కలుముక్కలుగా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. అది నిర్దోషి. చేతి మిషన్లోంచి ఏది వచ్చిందో అదే మోసింది. అంటే సాయంత్రానికీ ఉదయానికీ మధ్య పాత మిషన్లో అంకెల్ని ఎవరో మారుస్తున్నారు.

నీళ్ళ ఆఫీసు మేనేజర్‌ని వెనకాల అందరం రివ్యూ సార్ అనేవాళ్ళం. రోజుకి ఆరు రివ్యూలు పెట్టేవాడు, ఆరోది మిగతా అయిదూ ఎలా జరిగాయో చూడటానికి. ఆయనకి ఈ సంగతి చెప్పగానే తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించాడు. నీళ్ళ ఆఫీసులో దొంగతనమంటే రీడింగు తగ్గించడమేననీ, తెలిసినవాళ్ళకి ఎవరో తగ్గించిపెడుతున్నారనీ, తనకి తగ్గినవి మాత్రం చాలనీ చెప్పాడు. నేను నా క్వెరీలో, అంటే జాబితాల్ని పోల్చమని మిషన్‌కి రాసే ప్రశ్నలో, ఒక షరతు పెట్టాను, పాత మిషన్లో అంకె తక్కువున్న ఇళ్ళే చూపించమని. ఒక్క వాక్యం. చాలా శుభ్రంగా పనిచేసింది.

ఇంకో వింత కూడా కనపడింది. ఏ వార్డు తీసుకున్నా మొత్తం నీళ్ళు మాత్రం రెండు వైపులా చుక్క తేడా లేకుండా సరిపోయేవి. అంటే కొందరికి తగ్గించినదాన్ని ఇంకెవరో అమాయకుల నెత్తిన రుద్దుతున్నారన్నమాట. ఇంత పద్ధతిగా దొంగతనం చేసేవాళ్ళని చూస్తే కొంచెం గౌరవం కూడా కలిగింది.

ఆరో రోజు పాత మిషన్ లాగ్ తీశాను. లాగ్ అంటే మిషన్ రాసుకునే డైరీ, ఎవరు ఎప్పుడు ఏం ముట్టుకున్నారో. మార్పులన్నీ ఉదయం ఆరు పదికీ ఆరు ఇరవై అయిదుకీ మధ్య జరిగాయి. లాగిన్ చల్లగదిది. కారణం రాయాల్సిన గడి ప్రతిచోటా ఖాళీ.

ఆ టైములో ఆ గదిలో ఒక్కరే ఉంటారు. ఆవిడ స్వెట్టర్ వేసుకుంటుంది.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు నాకు నేరస్థలమైంది. అమ్మ దగ్గర ఒక నీలం అట్ట నోటుబుక్కు ఉండేది. నేను వంటింట్లోకి అడుగుపెట్టగానే అది స్వెట్టర్ జేబులోకి వెళ్ళిపోయేది. ఎవరో పళ్ళు పంపారని సంచి తెచ్చింది. ఎవరు, ఎందుకు, ఏ వార్డు అని అడగబోయి, రెండు తినేసి ఊరుకున్నాను. సాక్ష్యం మాయం చేసిన పాపం కూడా నాకు చుట్టుకుంది. నాన్నకి కొత్త చెప్పులొచ్చాయి. పాతవి తెగిపోయాయన్నాడు. చూపించమన్నాను. చూపించాడు. నిజంగానే తెగాయి. ఎవరైనా కావాలని తెంపి ఉండొచ్చనుకున్నాను.

ఇంట్లో నీళ్ళ విషయంలో మాత్రం ఆమె తీరు మారలేదు. మాది జంట ఇల్లు, నడిమి గోడ ఒకటే, అటు తోట మాస్టారు, ఇటు మేము. మా ముగ్గురి స్నానాలకీ కలిపి అమ్మ పెట్టిన రేషను రెండు బకెట్లు. నాన్న తల రుద్దుకుంటే వీపుకి మిగిలేవి కావు, వీపు రుద్దుకుంటే తల మర్నాటికి వాయిదా. అయినా మా రీడింగు ఏనుగుల్ని పెంచే ఇంట్లో వచ్చినట్టు వచ్చేది. తోట మాస్టారికి వెనకాల అరటిచెట్లు, గులాబీలు, తివాచీలాంటి గడ్డి. ఆయన రీడింగు పిచ్చుకలకి పోసినంత. గోడ మీంచి మెడ చాచి నాన్నకి పొదుపు గురించి పాఠం చెప్పేవాడు. నాన్న తడవని తలతో వినేవాడు.

పద్నాలుగో వార్డు జాబితా రావడానికి ముందు రోజు నేను ఒక వల పన్నాను. పాత మిషన్లో పరీక్ష కోసమని నాకు కొంచెం అధికారం ఇచ్చారు. దాంతో పద్నాలుగో వార్డులో ఒక కొత్త ఇల్లు కట్టాను. యజమాని శ్రీ గాలి గారు. రీడింగు, ఒక ఈతకొలనూ రెండు వరిపొలాలూ ఉన్న మనిషికి తగ్గట్టు పెట్టాను. అంత పెద్ద అంకె చూస్తే దొంగ చెయ్యి ఆగదని నా నమ్మకం.

మర్నాడు ఉదయం చూస్తే దొంగ చెయ్యి ఆగలేదు. గాలి గారి రీడింగు సున్నా అయింది. పక్కన రీడర్లు వాడే గుర్తు పడింది, 'లోపలికి వెళ్ళలేకపోయాం, కుక్క ఉంది' అని.

ఆ రోజు భోజనాల దగ్గర అమ్మ నాన్నతో చాలా మామూలుగా మొదలుపెట్టింది. "పద్నాలుగో వార్డులో ఎవరో కొత్తిల్లు కట్టారండీ."

"ఎక్కడ?"

"నంబరు ప్రకారం చూస్తే వాటర్ ట్యాంకు లోపల."

నాన్న ముద్ద కలపడం ఆపాడు. "లోపలెలా ఉంటారు? ఎవరట వాళ్ళు?"

"గాలి గారట."

"మరి నువ్వేం చేశావు?"

"కుక్కను పెట్టాను," అంది అమ్మ. తర్వాత నావైపు గిన్నె జరిపింది. "కూర ఇంకొంచెం వేసుకో."

నవ్వు ముక్కులోకి ఎక్కి దగ్గొచ్చింది. నీళ్ళు తాగి గదిలోకి వెళ్ళి కూర్చున్నాక నవ్వు పోయింది, అనుమానం మిగిలింది. ఆమెకి తెలుసు. నేను చూస్తున్నానని తెలిసి కూడా మారుస్తోంది. అది బెదిరింపని నేను తేల్చుకున్నాను. అప్పుడు పక్కగదిలోకి నాలుగడుగులు వేసి అడిగి ఉండొచ్చు. మా ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదికి ఉన్న దూరం అంతే. నేను అడగలేదు.

మర్నాడు రివ్యూ సార్‌కి రిపోర్టు పంపాను. తొంభై మూడు ఇళ్ళు, తగ్గిన అంకెలు, టైము. పేరు రాయలేదు. 'చల్లగది లాగిన్' అని మాత్రం రాశాను. పేరు రాయకపోవడం నాకు ఆ పూట చాలా నిజాయితీగా అనిపించింది.

మధ్యాహ్నానికి అమ్మని పిలిచారు. ఏమన్నారో నేను వినలేదు. ప్యూను చెప్పిందాన్నిబట్టి అమ్మ ఒక్కటే అందట, ఆ ఇళ్ళకి వెళ్ళి చూడండి అని. విచారణ తేలేదాకా రావద్దని తాళంచెవి తీసుకున్నారు. తప్పు రుజువైతే పదకొండు నెలలూ లేవు, గోడగడియారమూ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగానికి మిగిలేది నీళ్ళదొంగ అనే మాట.

తర్వాతి వారం అమ్మ ఇంట్లో ఉంది. నాలుగున్నరకే లేచేది, తయారయ్యేది, వెళ్ళడానికి చోటు లేక వంటింటి కిటికీ దగ్గర కూర్చునేది. ఎండకి అలవాటు లేని మనిషి, పొద్దున్న తొమ్మిదికే చెమటతో తడిసిపోయేది. స్వెట్టర్ కొక్కేనికి వేలాడేది. రిపోర్టు ఎవరిచ్చారని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. ఉప్పు అందించమంటే, అందించి, నేను ఎంత వేసుకుంటున్నానో చూసేది. నాన్న మాత్రం ఎవరు చేసి ఉంటారో అంటూ ఆఫీసులో తనకి తెలిసినవాళ్ళందర్నీ ఒక్కొక్కరుగా అనుమానించాడు. ఆయనకి తెలిసినవాళ్ళు నలుగురే. నా పేరు అందులో లేదు.

ఆఫీసులో మాత్రం అద్భుతం. రెండో విడత మొదలైంది, ఒకటో వార్డు సున్నా తేడా. రెండో వార్డు సున్నా. మూడూ, నాలుగూ సున్నా. రివ్యూ సార్ ఆ సున్నాలని ప్రింటు తీసి గోడకి అంటించాడు. దొంగ పోగానే లెక్క కుదిరిందని అందరికీ చూపించాడు.

అయిదో రోజు బిల్లులు చేతికందిన జనం వచ్చారు. ఒక ముసలావిడ, ఒక్కత్తే ఉంటుంది, పది మంది వాడినన్ని నీళ్ళు. ఆవిడ పక్కింట్లో పది మంది, వాళ్ళకి ఒక్క మనిషి వాడినన్ని. ఆ పది మందీ ఫిర్యాదు చెయ్యలేదు. కౌంటర్ దగ్గర లైను మెట్ల మీదికి, మెట్ల మీంచి గేటుదాకా పాకింది.

ఆ ముసలావిడ ఇంటి నంబరు నా తొంభై మూడులో ఉంది. కిందటి విడతలో ఆమెకి తగ్గించారు. ఆ తగ్గించింది ఇప్పుడు ఎవరికి పెరిగిందో చూద్దామని నా క్వెరీ తెరిచాను. షరతు కనపడింది. తక్కువున్న ఇళ్ళే చూపించు. ఆ వాక్యాన్ని చెరిపేసి మళ్ళీ నడిపాను.

తొంభై మూడు కాదు, నూట ఎనభై ఆరు వచ్చాయి. నంబర్ల వరసలో పెట్టాను. తగ్గిన ప్రతి ఇంటి పక్కనా పెరిగిన ఇల్లు. దీని అంకె దానికి, దాని అంకె దీనికి. ప్రతి జంటకీ నడిమి గోడ ఒకటే. ఎవరూ ఎవరికీ తగ్గించలేదు. అటుదిటూ ఇటుదటూ పెట్టారంతే.

ఆ జాబితాని కాగితం మీద ప్రింటు తీశాను. తర్వాత గొడుగు బాబాయి కోసం వెతికాను. ఆయన అందరికన్నా పాత మీటర్ రీడర్, ఆఫీసులో నేనెవరి కూతుర్నో తెలిసిన ఒకే ఒక్కడు. ఎండకి గొడుగు, వానకి గొడుగు, ఆఫీసు వరండాలో కూడా గొడుగు. దానికింద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నా కాగితం చూసి, చదవకుండానే పక్కన పెట్టి, జంట ఇళ్ళ సంగతి చెప్పాడు.

ఆ ఇళ్ళకి మీటర్లన్నీ వెనక సందులో ఉంటాయి. బిగించేటప్పుడు ఇచ్చిన బొమ్మ మాత్రం వీధివైపు నుంచి గీసింది. ఒక ఫిట్టరు బొమ్మని చేత్తో పట్టుకుని సందులో నిలబడి, బొమ్మలో ఎడమనున్నదాన్ని ఎడమకి బిగించేశాడు. ఎడమ ఇంటి నీళ్ళు కుడి మీటర్లో తిరిగాయి, కుడి ఇంటివి ఎడమ మీటర్లో. అతను బిగించినన్నీ అంతే. ఆ తర్వాత ఆ పైపులమీద గోడలు కట్టేశారు. మా అమ్మ ముగ్గురు మేనేజర్లకి చెప్పిందట. ముగ్గురూ గోడలు పగలగొడితే మాట ఎవరికొస్తుందని అడిగారట. అప్పట్నుంచి ఆమె ఆదివారాలు ఈయన్ని వెంటేసుకుని ఒక్కో ఇంటి కుళాయీ కట్టేయించి, ఏ మీటర్ ఆగుతుందో చూసి, నోటుబుక్కులో రాసుకుంది. ప్రతి విడతా పొద్దున్నే వచ్చి అంకెలు తిరగేసి పెట్టేది. ఏ మీటర్ ఏ ఇంటిదో ఒకేసారి మార్చిపెట్టే వీలు పాత మిషన్లో లేదు.

"ఎన్ని జంటలు బాబాయ్ మొత్తం?"

"తొంభై నాలుగు."

"నా దగ్గర తొంభై మూడే ఉన్నాయి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మిగిలింది మీదే కదమ్మా. మీదీ, తోట మాస్టారిదీ. మార్చుకోవే తల్లీ అని మీ అమ్మకి ఎన్నిసార్లు చెప్పానో. తనదాని మీద చెయ్యి పెట్టనంది."

నాకు వెంటనే గుర్తొచ్చింది నాన్న తల. పొడిగా ఉండే ఆ తల.

కొత్త కాగితం రాసుకుని రివ్యూ సార్ గదికి వెళ్ళాను. ఆయన దాన్ని అందుకోలేదు. ఆయనకి అప్పటికే ఇంకో ఆలోచన వచ్చింది. తొంభై మూడు ఇళ్ళలో ఆవిడ సొంత ఇల్లు లేదనీ, అంత జాగ్రత్తగా వదిలేసిందంటే ఎంత ఆరితేరిందో చూడమనీ, ఆదివారం తనే స్వయంగా వెళ్ళి ఆ మీటర్ పరీక్ష చేస్తాననీ అన్నాడు. అడ్రసు కూడా చదివాడు. నేను ఆ అడ్రసుని మొదటిసారి వింటున్న మొహం పెట్టాను. అప్పుడే చెప్పాలి. కాగితం మడుచుకుని బయటికొచ్చాను.

ఆదివారం తలుపు కొట్టారు. నేనే తీశాను. గుమ్మంలో రివ్యూ సార్, ఆయన వెనక గొడుగు.

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

"ఉంటున్నాను సార్."

ఆయన నన్ను చూశాడు, నా వెనకున్న అమ్మని చూశాడు, కొక్కేనికున్న స్వెట్టర్‌ని చూశాడు. మా ఇద్దరి ముక్కులు ఒకటేనని అంతవరకూ ఎవరూ ఆయనకి రివ్యూ ఇవ్వలేదు. మొహం ఎర్రబడింది. "ఓహో. మొన్న నువ్వు తెచ్చిన కొత్త కాగితం ఇందుకన్నమాట."

"కాగితం చూడొద్దు సార్. మొదటి కాగితం కూడా నేనే రాశాను. మీటర్ చూడండి."

మొదటి కాగితం ఎవరిదో అమ్మకి నా నోటితో తెలిసింది అప్పుడే. నాన్నకి కూడా.

అందరం వెనక సందులోకి వెళ్ళాం. తోట మాస్టారు అప్పుడే గొట్టం పట్టుకుని గులాబీలకి నీళ్ళు పెడుతున్నాడు. మా మీటర్ బొంగరంలా తిరుగుతోంది. రివ్యూ సార్ మా ఇంట్లో కుళాయిలన్నీ కట్టెయ్యమన్నాడు. నాన్న లోపలికెళ్ళి వచ్చాడు.

"మా ఇంట్లో కట్టెయ్యడానికి తెరిచి ఉంటే కదండీ," అన్నాడు.

మీటర్ తిరుగుతూనే ఉంది. గొడుగు బాబాయి మా ఇంటికొచ్చే పైపు వాల్వు కూడా బిగించాడు. ఇంకా తిరుగుతోంది. అప్పుడాయన గోడ మీంచి తోట మాస్టారిని ఒక్క నిమిషం ఆపమన్నాడు. గొట్టం ఆగింది. మీటర్ ఆగింది. మళ్ళీ తెరవమన్నాడు. తిరిగింది.

రివ్యూ సార్ నమ్మలేదు. తనే గోడ పక్కకి వెళ్ళి, మాస్టారి కుళాయి కట్టి, పరిగెత్తుకొచ్చి చూసి, వెళ్ళి తెరిచి, మళ్ళీ వచ్చాడు. అలా ఏడుసార్లు. ఏడోసారికి బూటులోకి నీళ్ళు వెళ్ళాయి. తోట మాస్టారి చేతిలో గొట్టం కిందికి వాలిపోయింది.

"అంటే ఇన్నేళ్ళూ నా తోటకి నీళ్ళు..." అని నాన్న వైపు చూశాడు.

"స్నానం మానేసి నేనే పోశాను మాస్టారూ," అన్నాడు నాన్న.

రివ్యూ సార్ చొక్కాతో నుదురు తుడుచుకుని, అమ్మని మొదటిసారి సరిగ్గా చూసి అడిగాడు. "అన్నీ మార్చారు కదా మేడమ్. మీదెందుకు మార్చుకోలేదు?"

"నా ఇంటి అంకె నేనే మార్చుకుంటే, మిగతావి ఎందుకు మార్చానో చెప్పినా ఎవరు నమ్ముతారండీ?" అంది అమ్మ. తర్వాత నావైపు చూసింది, ఎక్కువసేపు కాదు. "మార్చుకోకపోయినా నమ్మలేదనుకోండి."

ఆ తర్వాత మూడు రోజులు ఆమె నాతో అవసరమైనంతే మాట్లాడింది. అవసరం పెద్దగా పడలేదు. నాలుగో రోజు సాయంత్రం నేను ల్యాప్‌టాప్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పీటమీద కూర్చున్నాను. ఆమె స్టవ్ తుడుస్తోంది.

"నువ్వు నన్ను అడగలేదు," అంది వెనక్కి తిరక్కుండానే. "పట్టుకోవాలని చూశావు."

"అడిగితే చెప్పేదానివా?"

"ఆఫీసులోనైతే రిజిస్టర్లో రాయమనేదాన్ని. ఇంట్లో అడిగితే చెప్పేదాన్ని."

ఆమె చేతులు తుడుచుకుని, స్వెట్టర్ జేబులోంచి నోటుబుక్కు తీసి, నా ముందు పెట్టింది. నాలుగు సాయంత్రాలు ఆమె చదువుతుంటే నేను కొట్టాను. క్లౌడ్‌లో ఒక టేబుల్, అంటే పట్టిక, కట్టాను. ఏ ఇల్లు, ఏ ఇంటితో మార్పిడి, ఎవరు పరీక్షించారు, ఎప్పుడు, ఎందుకు. 'ఎందుకు' గడి ఖాళీగా వదిలితే టేబుల్ ఒప్పుకోకుండా కట్టాను. తొంభై నాలుగో జంట దగ్గరికొచ్చేసరికి అమ్మ ఆగింది. పేజీ చివర ఆ రెండు నంబర్లూ ఉన్నాయి, పక్కన 'ఇది వద్దు' అని రాసుంది. ఆమె ఎర్ర పెన్ను తీసి ఆ రెండు మాటలూ కొట్టేసింది.

ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దొంగతనం ఏమీ జరగలేదట. కానీ ఇన్నేళ్ళు కారణం రాయకుండా అంకెలు మార్చడం తప్పేనట, అందుకు ఫైల్లో ఒక హెచ్చరిక ఉంచుతున్నారట. గది మూసేదాకా తాళంచెవి తిరిగి ఇస్తున్నారట. అమ్మ చదివి, మడిచి, నోటుబుక్కులో పెట్టింది. "కారణం రాయలేదన్నది మాత్రం నిజమే," అంది. ఆ పూట నాన్న మూడు బకెట్లు పోసుకున్నాడు. రెండో బకెట్ దగ్గర్నుంచి పాట కూడా పాడాడు. అలవాటుకొద్దీ అమ్మ కట్టెయ్యమని అరిచింది.

మూడో విడత మొదలైంది. ఈసారి అంకెలు క్లౌడ్‌లోకి వచ్చేటప్పుడే టేబుల్ చూసుకుని ఇళ్ళు మార్చుకునేవి. పాత మిషన్లో మాత్రం అమ్మ ఎప్పటిలాగే చేత్తో మార్చేది, ఇప్పుడు కారణం రాసి. ఒకటో వార్డు సున్నా తేడా. పదమూడో వార్డుదాకా సున్నా. రివ్యూ సార్ గోడమీద చోటు చాలక తలుపుకి అంటించడం మొదలుపెట్టాడు.

పద్నాలుగో రోజు ముందు సాయంత్రం నాకు చటుక్కున గాలి గారు గుర్తొచ్చారు. ఆయన ఇల్లు పాత మిషన్లోనే ఉంది, క్లౌడ్‌లో లేదు. తెల్లారితే తేడా ఒకటి. ఆ ఒక్క ఇల్లు అలా ఉన్నంతకాలం గది మూతపడదు. అమ్మకి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, తనకి తెలుసంది. ఆమెకి ఎప్పట్నుంచి తెలుసో, ఏం చెయ్యాలనుకుంటోందో అని మళ్ళీ ఒక అనుమానం తల ఎత్తింది. ఈసారి అడిగాను.

"గది కోసం దాన్ని ఉంచుదామనుకున్నావా?"

"రెండుమూడు రోజులు అలాగే అనుకున్నాను," అంది. "పొద్దున్నే నాతో రా. ఒకే బస్సులో."

వెళ్ళాం. ఆ బస్సులో నా పక్కన స్వెట్టర్ మనిషి కూర్చుని ఉంటే ఆమెకి అలవాటుపడ్డ అందరూ నన్నే చూశారు. చల్లగది తలుపు దగ్గర రిజిస్టర్ తెరిచి నేను పెన్ను తీశాను. అమ్మ పెన్ను నా చేతిలోంచి తీసుకుని, నా వరసలో తనే ఏదో రాసి, రిజిస్టర్ మూసేసింది.

లోపల మిషన్ల హోరు తప్ప ఇంకేం లేదు. అమ్మ ఆ ఇంటిని తెరిచి, లేచి, నన్ను కుర్చీలో కూర్చోమంది. "నువ్వు కట్టినదాన్ని నువ్వే తియ్యి. కారణం రాయి."

'ఈ ఇల్లు లేదు. అనుమానంతో కట్టినది' అని కొట్టాను. ఆమె నా భుజం మీంచి చదివింది.

"మరి కుక్క?"

'కుక్క క్షేమం' అని చేర్చాను. ఆమె తల ఊపింది. ఇల్లు పోయింది.

ఆరున్నరకి జాబితా వెళ్ళింది. పోల్చి చూశాను. సున్నా. అమ్మ ఇంకొకసారి చూడమంది. సున్నా. అప్పుడామె లేచి ఏసీ కట్టేసింది. చిన్నప్పట్నుంచీ ఆమె స్వెట్టర్‌లో నాకు తెలిసిన చలి అది, మెల్లగా గదిలోంచి దిగిపోయింది.

బయటికొచ్చేటప్పుడు వెళ్ళిన టైము రాయాలని రిజిస్టర్ తెరిచాను. నా వరసలో అమ్మ చేతిరాత.

పేరు: మా అమ్మాయి.
ఎందుకు: కుక్కను తీసుకెళ్ళడానికి.

ఆరు నలభై రెండు అని రాశాను.